నిలిచిపోయిన వికలాంగ పింఛను: అప్పీలు చేయు విధము

నల్లగొండ, సూర్యాపేట, మిర్యాలగూడ దిక్కుల నుండి వచ్చు పల్లెజనమునకు హైదరాబాదు నగరము చార్మినారు కడ గాక ఎల్.బి. నగరు కూడలి కడ మొదలగును. అచ్చట బస్సు దిగి, కొత్తపేట, చైతన్యపురి, దిల్‌సుఖ్‌నగరు వీథులలో అద్దెగదులు వెదకికొని కాపురముండు కుటుంబములు పెక్కు. బత్తాయి బండ్లతో కొత్తపేట పండ్ల అంగడికి వచ్చిన రైతులు మీలో పలువురుందురు. 2022 నాటికి ఆ అంగడి బాటసింగారమునకు తరలిపోయినది గాని, పల్లెకును ఆ పేటలకును గల రాకపోకలు తగ్గలేదు. ఇట్లు పల్లె విడిచి నగరమునకు వచ్చినవారికి తరచుగా నిలిచిపోవు వికలాంగ పింఛనును గూర్చియు, దానిని మరల పొందు మార్గమును గూర్చియు నేడు ముచ్చటింపదలచితిని. అర్జీ వ్రాయించుకొనుటకు ఊరివారు మీవంటి పెద్దల అరుగుల కడకే వత్తురు గనుక, ఈ సంగతులు మీకు తెలిసియుండుట వారికి మేలు.

ఒక దంపతులను ఊహించుకొందము. ఊరు మీ ఊరే యనుకొనుడు. భర్తకు అరువది యేండ్లు. పక్షవాతము వచ్చి కుడిచేయి, కుడికాలు పడిపోయినవి. వైకల్యము నూటికి అరువది పాళ్లని వైద్యులు ధ్రువపత్రమిచ్చిరి. నెలనెలా ఊరి తపాలా కార్యాలయమున పింఛను చేతికి వచ్చుచుండెను. కొడుకు కొత్తపేటలో పని చేసికొనుచుండుటచే, వైద్యమునకు వీలుగా నుండునని భార్య ఆయనను నగరమునకు తీసికొనివచ్చినది. నెలకొకమారు ఊరికి పోవుట కొంతకాలము సాగినది. పిమ్మట ఆయన బస్సు మెట్టు ఎక్కలేకపోయెను. వరుసగా మూడు నెలలు పింఛను తీసికొననిచో దానిని నిలుపుదల చేయుదురు. నాలుగవ నెలలో కొడుకు ఊరికి పోయి విచారింపగా, “జాబితాలో పేరు లేదు, పైనుండి తీసివేసినారు” అని మాత్రమే జవాబు దొరికినది.

ఈ “పైనుండి” అను మాట కడనే పలువురు ఆగిపోవుదురు. పైన ననగా ఎవరు? ఏ తేదీన? ఏ కారణమున? ఈ మూడు ప్రశ్నలకు వ్రాతమూలమైన జవాబు రానిదే అప్పీలు అను మాటకు అర్థము లేదు. కారణము తెలియక వ్రాసిన అర్జీ, “అయ్యా, మేము బీదలము, దయచూపుడు” అని ప్రాధేయపడును. కారణము తెలిసి వ్రాసిన అర్జీ, “మీరు చూపిన కారణము తప్పు, తప్పనుటకు ఇదిగో ఆధారము” అని పలుకును. మొదటిదానిని అధికారి ప్రక్కన బెట్టవచ్చును. రెండవదానికి ఏదో యొక జవాబు వ్రాయకతప్పదు.

ఈ పింఛను సంగతి కొంత వెనుకనుండి చెప్పవలయును. తెలంగాణ రాష్ట్రమేర్పడిన పిమ్మట 2014 ఆగస్టు 19న ఇంటింటి సమగ్ర సర్వే జరిగినది. ఆ తరువాత పాత పింఛనుదారులు సయితము మరల దరఖాస్తు పెట్టుకొనవలసి వచ్చెను. ఆ యేడు నవంబరులో “ఆసరా” అను పేర కొత్త పింఛను మొదలైనది. అంతకుముందు నెలకు 500 రూపాయలున్న వికలాంగుల పింఛను 1,500 అయ్యెను. 2019లో 3,016కును, 2023 జూలైలో 4,016కును పెరిగినది. 2023 డిసెంబరులో ప్రభుత్వము మారిన పిమ్మట “చేయూత” అను పేరు వాడుకలోనికి వచ్చినది. సామాన్యముగా వైకల్యము నూటికి నలువది పాళ్లకు తగ్గకుండవలయును. వినికిడి లోపమునకు మాత్రము ఏబదియొక పాళ్లు. పల్లెలలో తపాలా ద్వారమునను, పట్టణములలో బ్యాంకు ఖాతా ద్వారమునను సొమ్ము చేరును.

నాలుగు వేల పదునారు రూపాయలతో నగరమున ఏమగును అని కొందరందురు. మన దంపతుల లెక్క వేరు. భర్తను పడకమీదినుండి లేపుట, కడుగుట, అన్నము పెట్టుట, ప్రక్కకు దొరలించుట, రాత్రి రెండుమారులు లేచి చూచుట, ఇవన్నియు భార్యయే చేయవలయును. ఆమె నాట్లకును కలుపులకును పోయి తెచ్చుకొను కూలి పోయినది. నగరమున నాలుగిండ్లలో పాచిపని దొరికినను, ఆయనను విడిచి పోజాలదు. కాగా ఆ పింఛను పేరునకు భర్తది. నిజమునకు అది ఆ యింట నిలిచిపోయిన ఇద్దరి కూళ్లకు బదులు. అది ఆగినప్పుడు మొదట ఆగునది మందు, పిమ్మట కాలుసేతులకు చేయించు వ్యాయామచికిత్స. చేయు చాకిరి మాత్రము ఒక్కనాడును ఆగదు.

ఈ చాకిరికి వెల గట్టుటలో పరదేశములును వెనుకబడినవే. బ్రిటనులో రోగిని కనిపెట్టి యుండువారికి 1976లో ఒక భత్యము ఏర్పరచిరి గాని, పెండ్లియైన స్త్రీలకు అది లేదనిరి. వారెట్లును ఇంటిపట్టుననే యుందురు గదా అని దానికి చెప్పిన సమాధానము. ఒక గృహిణి వ్యాజ్యము నడుపగా 1986లో ఐరోపా న్యాయస్థానము ఆ భేదము చెల్లదని తీర్పు చెప్పినది. మనదేశపు 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము, జీతము లేకయే సేవ చేయు కుటుంబసభ్యులను సయితము సంరక్షకులుగా నిర్వచించినది. అధికమైన తోడ్పాటు అవసరమగువారికి సంరక్షక భత్యము నేర్పరచవలెనని 24వ సెక్షనులో ప్రభుత్వములకు చెప్పినది. కేరళలో “ఆశ్వాసకిరణం” అను పేర అట్టి భత్యము ఏర్పడినది. మన యింటి ఇల్లాలికి తెలియవలసిన మాట మరియొకటి కలదు. కుటుంబమునకు ఒక్కరికే అను నిబంధన వృద్ధాప్య పింఛనును గూర్చినది. భర్తకు వికలాంగ పింఛను ఉన్నను, భార్యకు 57 ఏండ్లు నిండి తక్కిన అర్హతలున్నచో, ఆమె తనకై వేరుగ దరఖాస్తు పెట్టుకొనవచ్చును.

ఇది దయాధర్మమా, హక్కా అను ప్రశ్న మీ అరుగుమీద తప్పక వచ్చును. రాజ్యాంగపు 41వ అధికరణము, వార్ధక్యము, రోగము, అంగవైకల్యము కలిగినవారికి రాజ్యము తన శక్తికొలది సహాయము చేయవలెనని చెప్పుచున్నది. అది ఆదేశసూత్రమే గనుక దానిని మాత్రమే పట్టుకొని కోర్టుకు పోజాలము. ఉద్యోగుల పింఛను భిక్ష గాదని సుప్రీంకోర్టు 1982 డిసెంబరులో నకారా గారి వ్యాజ్యమున చెప్పినది గాని, అది ఉద్యోగులను గూర్చిన తీర్పు. దానిని మన వ్యవహారమునకు నేరుగా అన్వయించుట సాహసము. మనకు బలమైన ఆధారము వేరొకటి: ఒకమారు మంజూరు చేసి ఇచ్చుచున్న దానిని తీసివేయునప్పుడు, కారణము చెప్పి, ఆ మనుష్యుని మాట వినవలెనను సహజన్యాయ సూత్రము. కారణము చెప్పక ఆపినచో, ఆపుటయే మొదటి ఆక్షేపణకు పాత్రమగును.

కారణమును రాబట్టుట ఎట్లు? 2005 నాటి సమాచార హక్కు చట్టము ఇందుకు సులభమైన సాధనము. పల్లెయందలి కార్యాలయమునకు రుసుము లేదు; మండల స్థాయికి 5 రూపాయలు, అంతకు పైని కార్యాలయములకు 10 రూపాయలు; దారిద్ర్యరేఖకు దిగువనున్నవారికి అదియు లేదు. ముప్పది దినములలో జవాబు రావలయును. దరఖాస్తులో గాథ వ్రాయరాదు. ఫలాని పింఛను సంఖ్య గలవారి పింఛనును నిలిపిన ఉత్తరువు నకలు, తేదీ, కారణము, విచారణ చేసినవారి నివేదిక నకలు ఇప్పింపుడని నాలుగు పంక్తులు చాలును. అయితే ముప్పది దినములు ఊరక కూర్చుండ నక్కరలేదు. అదే దినమున పంచాయతీ కార్యదర్శికిని, మండల పరిషత్తు అభివృద్ధి అధికారికిని పునరుద్ధరణకై అర్జీ ఇచ్చి, రెండవ ప్రతిమీద తేదీతో ముద్ర వేయించుకొనవలయును. ముద్రలేని అర్జీ ఇచ్చినట్లు కాదు. పోలేనివారు స్పీడు పోస్టున పంపి రసీదు దాచుకొనవలయును.

కారణము తెలిసినచో సగము పని యైనట్లే. సొమ్ము తీసికొనలేదనియో, ఊరిలో లేరనియో వ్రాసియున్నచో, ఆసుపత్రి కాగితములును నగరములోని అద్దె చిరునామాయును చూపి, వైద్యమునకై పోయినారే గాని లేకపోలేదని తెలుపవలయును. వ్రేలిముద్ర పడకపోవుటయు తరచుగా జరుగును. పడిపోయిన చేతివ్రేళ్లు ముడుచుకొనిపోయినప్పుడు యంత్రము వానిని గుర్తింపదు. అట్టివారు ఎడమచేతి వ్రేళ్లతోనో, కంటిపాపతోనో గుర్తింపు చేయుడని అడుగవలయును. బ్రతికియున్నవానిని చనిపోయినట్లు వ్రాయుట మరియొక వింత. దానికి ఆ మనిషిని చూపుటకంటె గొప్ప సాక్ష్యము లేదు. అయినను ఆయన కదలలేడు గనుక, అధికారినే ఇంటికి వచ్చి చూడుడని వ్రాతపూర్వకముగా కోరవలయును. భూమి కారణమైనచో, మూడెకరముల తరికి గాని, ఏడున్నర ఎకరముల ఖుష్కికి గాని మించినదా అను లెక్క పాసుపుస్తకముతో తేలిపోవును. అన్నదమ్ములు పంచుకొన్న పిమ్మటను తండ్రి పేరనే నిలిచియున్న భూములు ఇట్టి చిక్కులు తెచ్చును. ఆ పంపకమును కాగితముమీద తేల్చుకొనుట పెద్దలు చేయగల సహాయము.

అన్నిటికంటె కష్టమైనది ధ్రువపత్రపు తగవు. పక్షవాతము వంటి వానిలో కొంత నయమగు ఆశ యుండును గనుక, వైద్యులు పలుమారు శాశ్వత పత్రమీయక గడువుగల పత్రమిత్తురు. గడువు తీరిన దినమున పింఛనునకు ఆధారము పోవును. ఆ తేదీని ఇంటి గోడమీద వ్రాసి పెట్టుకొని, తీరుటకు రెండు మూడు నెలలు ముందుగనే మరల పరీక్షకు దరఖాస్తు చేయుట మేలు. మన రాష్ట్రమున చాలకాలము “సదరం” శిబిరములలో ఈ పరీక్ష జరిగెను; ఇప్పుడు దేశమంతటికి ఒక్కటియైన యూడీఐడీ పత్రము వచ్చినది. నలువది పాళ్ల లోపువారికి తెల్లని పట్టీ, నలువది మొదలు ఎనుబదిలోపు పసుపు, ఎనుబదియు ఆపైని నీలము గల కార్డు ఇత్తురు. ఏ జిల్లాలో ఇచ్చిన పత్రమైనను దేశమంతట చెల్లునని చట్టపు 58వ సెక్షనే చెప్పుచున్నది గనుక, నల్లగొండ పత్రము నగరమున పనికిరాదనువారి మాట నమ్మనక్కరలేదు. ఎల్.బి. నగరు ప్రాంతమువారికి దగ్గరి ప్రభుత్వ వైద్యశాలలలో వనస్థలిపురపు ప్రాంతీయ ఆసుపత్రి యొకటి.

పరీక్ష జరుగు గదిలో జరుగునది కొంత చెప్పవలసియున్నది. మనవారికి అభిమానము మెండు. వైద్యుడు, “నీ బట్టలు నీవే కట్టుకొందువా?” అని అడుగును. పదిమంది యెదుట లేదనుటకు మనసొప్పక, “కట్టుకొందును” అని ఆయన తల యూపును. నిజమునకు రెండేండ్లుగా ఆ పంచె కట్టుచున్నది భార్య. ఆమె ప్రక్కనే నిలిచి, మగని పరువు తీయుట యేల యని మిన్నకుండును. అడుగు వేయుమన్నప్పుడు ఆయన పట్టుదలతో నాలుగడుగులు వేసి చూపును. ఆ నాలుగడుగుల ఫలితముగా ఆ సాయంకాలమంతయు పడకమీదనే యుండవలసివచ్చునని వైద్యునకు తెలియదు. అరువది పాళ్లు ముప్పదియైదుగా మారుటకు పక్షవాతము నయమగుట యొక్కటే కారణము గాదు. ఇది అబద్ధమాడుమనుట గాదు. పరువుకై నిజమును దాచవలదనుట. కనుక పరీక్షకు ముందు రెండు వారములు భార్య యొక చిన్న పుస్తకమున, చదువురానిచో మనుమరాలిచేత, ప్రతిదినము వ్రాయించవలయును: ఎన్నిమారులు లేపినది, ఎప్పుడు పడినాడు, ఏ పని తనంతట చేయలేకపోయెను. పాళ్ల లెక్క వైద్యుని కొలతలమీదనే నిలుచును గాని, ఏమి కొలవవలెనో ఆ పుస్తకము ఆయనకు తెలుపును. దానితో ఆసుపత్రి విడుదల పత్రము, మెదడు చిత్రములు, మందుల చీటీలు తేదీల వరుసను కుట్టి యుంచవలయును.

పత్రము నిరాకరించినచో కారణములు వ్రాసి ఈయవలెనని 2017 నాటి నిబంధనలు చెప్పుచున్నవి. ఆ నిర్ణయమునకు తృప్తిపడనివారు రాష్ట్రప్రభుత్వము నియమించిన అప్పీలు అధికారి కడకు పోవుటకు 59వ సెక్షను హక్కిచ్చినది. ఈ అప్పీలు వైద్యుల లెక్కమీదిది. పింఛను నిలిపినదానిమీది అర్జీ వేరు. రెండును కలగలిపి ఒకే కాగితమున వ్రాసినచో ఇక్కడివారు అక్కడికి, అక్కడివారు ఇక్కడికి పొమ్మందురు. రెండు వేర్వేరుగ వ్రాసి, పింఛను అర్జీలో “వైద్యుల నిర్ణయముమీద ఫలాని తేదీన అప్పీలు చేసియున్నాము, అది తేలువరకు పింఛను కొనసాగింపుడు” అని ఒక వాక్యము చేర్చుట మంచిది.

ఈ “తేలువరకు” అను కోరిక కొత్తది గాదు. మన పిల్లలు పోయి స్థిరపడిన అమెరికాలో, వికలాంగునికి నయమైనదని ప్రభుత్వము భత్యము నిలుపునప్పుడు అప్పీలుకు 60 దినముల గడువుండును; నోటీసు అందిన 10 దినములలో కోరినచో విచారణ ముగియువరకు సొమ్ము ఆగదు. ఓడినచో తిరిగి చెల్లింపుమని అడుగవచ్చును, అది వేరు మాట. 2025లో ఆంధ్రప్రదేశమున వికలాంగ పింఛనుదారులను మరల పరీక్షింపజేసి, నలువది పాళ్ల లోపని తేలినవారికి ఆగస్టులో నోటీసులు పంపిరి. పెద్ద అలజడి పుట్టిన పిమ్మట అప్పీలుకును, పునఃపరీక్షకును అవకాశమిచ్చిరి. అడిగినవారున్నందుననే ఆ అవకాశము వచ్చినదని నా యభిప్రాయము.

మండలములో పని కానిచో జిల్లా కలెక్టరు కడ సోమవారము జరుగు ప్రజావాణి కలదు. ఇక్కడ ఒక పొరపాటు పలువురు చేయుదురు: తాము కాపురమున్న చోటి కలెక్టరు కడకు పోవుదురు. పింఛను ఏ ఊరి జాబితాలో నుండెనో ఆ జిల్లాకే పోవలయును. పేరు నల్లగొండ జాబితాలో నున్నచో నల్లగొండ. సరూరునగరు జాబితాలో నున్నచో రంగారెడ్డి జిల్లా. రంగారెడ్డి కలెక్టరు కచ్చేరి 2022 ఆగస్టు నుండి కొంగరకలానులో నున్నది. పూర్వపు అలవాటుచొప్పున లక్డీకాపూలుకు పోయినవారికి దినము వ్యర్థము. ఊరి జాబితాలో పేరు మరల చేరిన పిమ్మట, ఇక నగరముననే యుండువారు అచ్చటికి బదిలీ కోరవచ్చును. జాబితాలో పేరే లేనప్పుడు బదిలీ కోరుట వృథా.

దిల్‌సుఖ్‌నగరువారికి ఒక సౌకర్యము కలదు. వికలాంగుల సంక్షేమ శాఖ ముఖ్య కార్యాలయము మలకుపేటలో నల్లగొండ చౌరస్తా కడనే యున్నది. మెట్రో రైలులో మూడవ స్టేషను. వికలాంగుల హక్కులకు భంగము కలిగినప్పుడు రాష్ట్ర కమీషనరునకు ఫిర్యాదు చేయవచ్చును. ఆయనకు సాక్షులను పిలుచుట, కాగితములు తెప్పించుట మొదలగు విషయములలో సివిలు కోర్టు అధికారములు కలవు. ఆయన సిఫారసుమీద ఏమి చేసినదియు మూడు నెలలలో తెలుపవలెనని చట్టము. ఇటు ఎల్.బి. నగరున రంగారెడ్డి జిల్లా కోర్టుల ఆవరణలో న్యాయసేవాధికార సంస్థ కలదు. 1987 నాటి చట్టము ప్రకారము స్త్రీలకును, వికలాంగులకును ఆదాయముతో నిమిత్తము లేక ఉచితముగా న్యాయవాదిని ఇత్తురు. మన దంపతులలో భర్త వికలాంగుడుగాను, భార్య స్త్రీగాను, ఇద్దరును అర్హులే. కదలలేనివారు 15100 సంఖ్యకు టెలిఫోను చేయవచ్చును. అన్నియు విఫలమైనచో 226వ అధికరణము క్రింద హైకోర్టునకు పోవుట కడపటి మార్గము. దానికిని ఆ సంస్థయే సహాయము చేయును.

ఇన్ని చోట్లకు పోవునది ఎవరు అని మీరడుగుట న్యాయమే. ఆమె గడప దాటినచో ఆయనకు నీరిచ్చువారు లేరు. కాబట్టి మొదటి దినముననే భర్తచేత ఒక అధికారపత్రము వ్రాయించి, ఎడమ బొటనవ్రేలి ముద్ర వేయించి, ఇద్దరు సాక్షుల సంతకములు తీసికొనవలయును: “నా తరపున నా భార్య గాని, నా కుమారుడు గాని కాగితములిచ్చుటకును, తీసికొనుటకును అధికారము కలదు” అని. దాని నకళ్లు పది తీయించవలయును. తిరుగవలసిన పనులు కొడుకునకును, పల్లెలోని పనులు అచ్చటి బంధువునకును పంచి, భార్య స్వయముగా పోవలసినవి రెండే యుంచవలయును: వైద్యుల పరీక్ష, అధికారి యెదుటి విచారణ. ఆ దినములలో పొరుగింటివారిని ముందుగనే అడిగి కూర్చుండబెట్టుట, వారికి మందు వేళలు వ్రాసి ఇచ్చుట మరువరాదు. విచారణ తేదీ నిర్ణయించునప్పుడు, ఇంట మంచము పట్టినవాడు కలడు గనుక మధ్యాహ్నమునకు ముందే పిలువుడని కోరుటలో తప్పులేదు.

అర్జీ కడపట అడుగవలసినది పేరు మరల చేర్చుట యొక్కటే గాదు. ఏ నెల నుండి నిలిచినదో ఆ నెల నుండి బకాయితో సహా ఇప్పింపుడని స్పష్టముగా వ్రాయవలయును. అడుగనిచో ఉత్తరువు తేదీనుండియే మొదలు పెట్టుదురు; ఏడు నెలలు ఆగియున్నచో అది 28,112 రూపాయలు. తపాలా పుస్తకములో గాని, బ్యాంకు పుస్తకములో గాని కడసారి సొమ్ము పడిన పుట నకలును అర్జీకి జతపరచుడు.